పెద్దల్లుడు లేవడం లేదు

మే 12, సోమవారం

పెళ్ళిపందిట్లో ఒక పెద్దమనిషి మజ్జిగ గ్లాసు పట్టుకుని గోడకి మొహం పెట్టి నడుస్తున్నాడు. పొద్దున టెస్టింగ్ మొదలుపెట్టినప్పుడు నడుస్తున్నాడు. నేను కిందకి దిగి టిఫిన్ చేసి వచ్చేసరికీ నడుస్తూనే ఉన్నాడు. గోడే పక్కకి జరుగుతుందని ఆయన ఆశ కాబోలు.

ఇంటర్లో కాలేజీ ఎగ్గొట్టి ఇంటర్నెట్ సెంటర్లో నేను ఆడిన ఆటల్లో కూడా శత్రువులు ఇలాగే గోడల్లోకి నడిచేవాళ్ళు. అప్పటికీ ఇప్పటికీ తేడా లేదంటే మా జశ్వంత్ గారు ఒప్పుకోరు. నిజమే, తేడా ఉంది. ఇప్పుడు గోడలోకి నడిచేవాడి పంచె అంచు గాలికి కదులుతోంది.

జశ్వంత్ గారిది అమృతలూరు. తాతల నాటి మాగాణి కౌలుకిచ్చి, తెనాలి బోస్ రోడ్డులో ఎరువుల కొట్టు పైన గేముల కంపెనీ పెట్టారు. మా గేమ్ పేరు 'పందిరి'. ఆడేవాడు పెళ్ళికూతురి అన్న. వచ్చిన చుట్టాలకి మర్యాదలు చేసి, ఎవరూ అలిగి వెళ్ళిపోకుండా భోజనాలు ముగిస్తే గెలిచినట్టు. "మా గేమ్‌లో ప్రతి చుట్టానికీ సొంత బుర్ర ఉందండి" అని హైదరాబాదు నుంచి వచ్చే పెట్టుబడిదార్లకి ఆయన చెబుతుంటారు. నా సొంత చుట్టాల్లోనే అందరికీ లేదు.

చుట్టాలు ఎలా ప్రవర్తించాలో రాసిచ్చేది నేను. అలా ప్రవర్తిస్తున్నారో లేదో పరీక్షించేదీ నేనే. పేరుకి మాత్రం టెస్టర్ని.

కృప రేపల్లెలో వాళ్ళ పుట్టింటికి వెళ్ళింది. ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. వంట చేసుకోవడం నాకేం కష్టం కాదు.

మే 13

నాకేం కోపం లేదు.

మే 14, బుధవారం

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవడం మంచిది. రేపు ఎవరూ మాట మార్చకుండా ఉంటారు.

మా మరదలు హెలెన్ పెళ్ళి ఈ నెల ముప్పయ్యిన, రేపల్లెలో. మా మావగారు శాలేమురాజు గారు పోయిన శనివారం వచ్చి శుభలేఖల కట్ట నా చేతిలో పెట్టారు. "ఈ ఎండల్లో నేను తిరగలేను బాబూ. తెనాలి, బాపట్ల మీరు చూసుకోండి" అన్నారు. కాఫీ తాగి వెళ్ళిపోయారు. కట్టంతా వెతికాను. మా పంటి డాక్టరు పేరుతో కవరుంది. కరెంటాఫీసు ఏఈ పేరుతో ఉంది. నా పేరుతో లేదు.

కృపకి చూపించాను. "మీకెందుకండీ కార్డు? కార్డు మీదే మీ పేరుంది కదా, పిలిచేవాళ్ళలో" అంది. ఉంది, నేను చూడకపోలేదు. 'ఆహ్వానించువారు' కింద, ఆఖరి నుంచి రెండో లైన్లో, వినయ్ కుమార్ - కృపారాణి. ప్రెస్సువాడి ఫోన్ నంబరు అంతకన్నా పెద్ద అక్షరాల్లో ఉంది.

బొట్టు పెట్టి పిలవడం మా క్రైస్తవుల ఇళ్ళల్లో లేదు, సరే. నోటితో పిలవడం ఉంది కదా. "అల్లుడుగారూ, తప్పకుండా రావాలి" అంటే మావగారి నోరు అరిగిపోతుందా? ఇది నా పట్టింపు కాదు. పద్ధతి.

"అయితే మా నాన్న మళ్ళీ వచ్చి మిమ్మల్ని పిలవాలా?" అంది కృప.

"నేనడగలేదు."

"పిలవకపోతే రారా?"

"రానని నేనన్లేదు."

"వస్తానని అనండి మరి."

నేను పేపరు చదువుకున్నాను. కృప సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టి చెప్పింది. "ముప్పయ్యో తారీకున మీరక్కడ లేకపోతే, బదిలీల్లో రేపల్లె పెట్టేసుకుంటా. అమ్మావాళ్ళింట్లో ఉండి స్కూలుకెళ్తా. మీరు ఎవరన్నా వచ్చి పిలిచేదాకా ఇక్కడే కూర్చోండి."

ఆవిడ అంగలకుదురు స్కూల్లో టీచరు. గవర్నమెంటు టీచర్లకి వేసవిలో సెలవులూ ఎక్కువే, ధైర్యమూ ఎక్కువే.

మే 15, గురువారం

మా దగ్గర ప్రోగ్రాం రాసేది సాయిసుధ. స్కూటీ మీద వస్తుంది. వయసు చిన్నది, నోరు పెద్దది. ఇవాళ ఇద్దరం కలిసి 'పెద్దల్లుడు' పాత్ర మొదలుపెట్టాం. పందిట్లో అలిగి కూర్చునే మనిషి.

"అలకకి రూల్సు రాసివ్వండి వినయ్ గారూ. ఇందులో మీరు ఎక్స్‌పర్టని జశ్వంత్ గారన్నారు."

"అంటే?"

"అదే, చుట్టాల సబ్జెక్టులో అండి."

రాసిచ్చాను. అలిగినవాడు దూరం పోకూడదు. అందరికీ కనపడేచోట కూర్చుని ఎవరినీ చూడకూడదు. ఎందుకు అలిగాడో నోటితో చెప్పకూడదు. మొదటిసారి భోజనానికి పిలిస్తే "ఆకలి లేదు" అనాలి. రెండోసారి పిలిస్తే "మీరు కానివ్వండి" అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు లేవాలి, అదీ ఇష్టం లేనట్టు. మధ్యలో ఒక్కసారైనా "నాకేం కోపం లేదు" అని తీరాలి.

సుధ చదివి, "ఎవర్ని చూసి రాశారండీ?" అంది.

"ఎవర్నీ కాదు. జనరల్ నాలెడ్జి."

పెళ్ళికొడుకు అలకపాన్పెక్కడం సుధా వాళ్ళ పెళ్ళిళ్ళలో ఉంది. మా లూథరన్ పెళ్ళిళ్ళలో ఆ మంచం ఉండదు. మంచం ఒక్కటే ఉండదు.

సాయంత్రానికి మొదటి వెర్షన్ వచ్చింది. పెద్దల్లుడు మొదటి పిలుపుకే లేచి, పరిగెత్తుకెళ్ళి, ఎవరో పిల్లాడి ఆకు ముందు కూర్చున్నాడు. సిగ్గులేని మనిషి. బగ్ రిపోర్టు రాశాను.

మే 18, ఆదివారం

చర్చిలో హెలెన్ పెళ్ళి ప్రకటన చదివారు. పెళ్ళికొడుకు జీవన్ కుమార్ మా తెనాలి సంఘం వాడే. "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను" అని పాస్టరుగారు అడిగారు. ఇలా మూడు ఆదివారాలు అడుగుతారు. పెళ్ళి చెడగొట్టేవాణ్ణి కూడా మూడుసార్లు అడుగుతారు. నన్ను ఒక్కసారీ అడగలేదు.

బయటికొచ్చాక ఒకావిడ, "మరదలి పెళ్ళి కదా, ఊపిరాడట్లేదా బాబూ?" అంది. అవునండి అన్నాను.

మే 20, మంగళవారం

జశ్వంత్ గారి మొహం వెలిగిపోతోంది. మాటలొచ్చిన పెద్ద ఏఐ ఒకదాన్ని తెచ్చి చుట్టాలకి తగిలించారు. ఇదివరకు ఒక్కొక్కరూ పది వాక్యాలే తిప్పితిప్పి అనేవాళ్ళు. ఇప్పుడు ఏమడిగినా కొత్తగా జవాబు చెబుతారు.

పెద్దల్లుణ్ణి భోజనానికి పిలిచాను. "మీ ఆహ్వానానికి కృతజ్ఞతలు. ప్రస్తుతం నా మనసు కలత చెంది ఉంది. నా భావాలను గౌరవిస్తారని ఆశిస్తున్నాను" అన్నాడు. తెనాలిలో ఏ అల్లుడైనా ఇలా మాట్లాడితే అన్నం సంగతి వదిలేసి ఆసుపత్రికి తీసుకెళ్తారు. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచాను. పదోసారికి కుటుంబ సంబంధాల విలువ మీద ఉపన్యాసం ఇచ్చాడు. లేవడు. మాట్లాడే బుర్ర వేరు, లేచే బుర్ర వేరు. ఆ రెంటికీ పరిచయం లేదు.

"ఎంత ఇంప్రూవ్ అయిందో చూశారా?" అన్నారు జశ్వంత్ గారు.

"మాటలొచ్చాయండి. లేవడం రాలేదు."

"మనుషుల్లో మాత్రం ఎంతమందికొచ్చండీ?" అని నవ్వి, గొంతు తగ్గించారు. "నిజంగా తెలివైన చుట్టాన్ని పెట్టామనుకోండి, ఆడేవాడు ఓడిపోతాడు. రెండుసార్లు ఓడితే గేమ్ డిలీట్ చేస్తాడు. తెలివున్నట్టు కనపడాలి గానీ ఉండకూడదు. మొదట్నుంచీ ఈ ఫీల్డు నడిచేదే అలాగండి."

అంటే ఇన్నేళ్ళుగా పెరిగింది తెలివి కాదు, తెలివి గురించిన ప్రకటనలు. ఆయనే చెప్పారు. గోడలోకి నడిచే మజ్జిగాయన కూడా ఇప్పుడు నడుస్తూ వాతావరణం గురించి చక్కగా మాట్లాడుతున్నాడు.

కృప ఫోన్ చెయ్యలేదు.

మే 22, గురువారం

నా సంగతి వేరు, నా బాధ్యత వేరు. కార్డులు పట్టుకుని పొద్దున్నే రైలెక్కి బాపట్ల వెళ్ళాను.

ఆఖరి ఇల్లు లూకా మాస్టారిది. మావగారితో కలిసి పనిచేసి రిటైరయ్యారు. వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. వందనాలు చెప్పి కార్డు ఇచ్చాను. తీసుకున్నారు, విప్పలేదు.

"శాలేమురాజు రాలేదేం?"

"ఎండలు కదండీ మాస్టారూ."

"నలభై ఏళ్ళ స్నేహం. వాడికి ఎండ అడ్డమొచ్చిందా? అల్లుణ్ణి పంపాడా? సరేలే, చూద్దాం. నాకూ మోకాళ్ళు బాగాలేవు."

అలకని వీధి మొదట్లోంచే పసిగడతాను. వృత్తి కదా. "మీరు లేకుండా పెళ్ళేంటండీ" అన్నాను.

"నాదేముంది బాబూ, మీరు కానివ్వండి."

రెండో మెట్టు. ఇక ఆలస్యం చెయ్యకుండా చెయ్యి పట్టుకున్నాను. "మాస్టారూ, మిమ్మల్ని పిలవడమేంటండీ? మీరు ఇంటి మనిషి. ఇంటివాళ్ళకి ఎవరైనా కార్డిచ్చి పిలుస్తారా? ఈ కార్డు ఊరికే తారీకు గుర్తుండటానికి. మీరలా పట్టించుకుంటే మావగారు ఎంత బాధపడతారు?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వింత ఇదిగా చెప్పావు గనక వస్తా. నువ్వక్కడే ఉంటావుగా?"

"నేను లేకుండా ఎలాగండీ" అన్నాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. మనసు హాయిగా ఉంది. ఎంత బాగా మాట్లాడాను! సుధకి చెబితే గేమ్‌లో పెట్టుకుంటుంది.

మే 24, శనివారం

చుట్టాలకి వాళ్ళంతట వాళ్ళే నేర్చుకునే పద్ధతి పెట్టి చూశారు. అలక తగ్గినకొద్దీ మార్కులని చెప్పి, నిన్న సాయంత్రం కంప్యూటర్లని ఆన్‌లోనే వదిలేసి వెళ్ళారు. పొద్దున వచ్చి చూస్తే పందిరి ఖాళీ. చుట్టాలందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లోనే కూర్చున్నారు. పెళ్ళికి రాకపోతే అలిగే పనే లేదు కదా. నూటికి నూరు మార్కులు.

జశ్వంత్ గారు తల పట్టుకున్నారు. నాకు మాత్రం మొదటిసారి ఈ ఏఐ మీద గౌరవం కలిగింది.

మే 26, సోమవారం

పెద్దల్లుడు లేవడం లేదు.

మాట్లాడే బుర్రనీ లేచే బుర్రనీ సుధ కలిపింది. ఈ వెర్షన్లో అలిగినవాళ్ళని మిగతా చుట్టాలే పిలుస్తారు. అందర్నీ పిలుస్తున్నారు. పెళ్ళికొడుకు మేనమామని పిలిచారు, బ్యాండువాళ్ళని పిలిచారు, గోడ దగ్గర మజ్జిగాయన్ని కూడా పిలిచారు. పెద్దల్లుణ్ణి ఒక్కడూ పిలవలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, అందరికీ కనపడేలా, ఎవరినీ చూడటం లేదు.

"బగ్" అన్నాను.

"బగ్ కాదండీ. వాళ్ళ లెక్కలో ఆయన అతిథి కాదు, ఇంటివాడు. ఇంటివాణ్ణి భోజనానికి ఎవరు పిలుస్తారండి? వడ్డించడానికి పిలుస్తారు."

"ఆయన అలిగాడు కదా!"

"అది ఆయనకి తెలుసు. వాళ్ళకి తెలీదు. నోటితో చెప్పకూడదని మీరే రూలు రాశారు."

రిపోర్టులో పెద్ద పేరా రాశాను. ఈ కుటుంబానికి కృతజ్ఞత లేదనీ, ఒక మనిషి ఇన్నేళ్ళుగా కుటుంబం కోసం ఎంత చేశాడో ఒక్కరికీ పట్టలేదనీ, ఈ పాత్రల తయారీలో మర్యాద అనే అంశమే లోపించిందనీ రాశాను. సుధ చదివింది. "ఇది గేమ్ గురించేనా అండీ?" అంది.

ఈ కాలం పిల్లలకి ఆఫీసులో ఎలా మాట్లాడాలో తెలియదు.

మే 27

ఆఫీసులో అందరికీ కార్డులిచ్చాను. "తప్పకుండా రావాలి" అని ఒక్కొక్కరికీ మూడేసిసార్లు చెప్పాను. పిలవడమంటే ఏంటో కొందరైనా చూసి నేర్చుకోవాలి.

మే 28, బుధవారం

కృప ఫోన్ చేసింది.

"నీలం చొక్కా ఇస్త్రీకిచ్చారా?"

"లేదు."

"ఇవ్వండి." పెట్టేసింది.

ఇది పిలుపు కాదు. ఇస్త్రీ.

సాయంత్రం మా అత్తగారు సుందరమ్మ గారు చేశారు. "బాబూ, వచ్చేటప్పుడు తెనాలి మార్కెట్లో అరిటాకులు పట్టుకురండి. ఇక్కడన్నీ చిరుగులే. మీరైతే చూసి తెస్తారు."

ఇదీ పిలుపు కాదు, ఆర్డరు. సరేనండి అన్నాను. ఆకుల మీద నాకేం కోపం?

మే 29, గురువారం

మార్కెట్టంతా తిరిగి ఆకులు కొన్నాను. వెడల్పువి, చిరుగు లేనివి. చొక్కా ఇస్త్రీకిచ్చాను, ఊరికే.

కృప మెసేజ్ పెట్టింది. "బదిలీ ఆప్షన్లు పెట్టడానికి సోమవారం ఆఖరు." జవాబివ్వలేదు. అందులో ప్రశ్నేమీ లేదు.

మే 30, శుక్రవారం

పొద్దున టిఫిన్ చెయ్యకుండా ఆకుల కట్టలతో ఆఫీసుకే వచ్చాను. సోమవారం పెట్టుబడిదార్లకి గేమ్ చూపించాలి, పనుంది. జశ్వంత్ గారు పట్టుపంచె కట్టుకుని మెట్లెక్కి వచ్చారు. "ఇంకా ఇక్కడున్నారేంటండీ? మేమంతా రేపల్లె పోతున్నాం. కారెక్కండి."

"మీరు పదండి. చిన్న పనుంది."

"సరే అయితే" అన్నారు.

అంతే. మొదటిసారికే ఒప్పుకున్నారు. ఈయన చుట్టాల మీద గేమ్ తీస్తున్నారు! ఆకుల కట్టలు మాత్రం కారు డిక్కీలో పెట్టించుకున్నారు. ఆకులు వెళ్ళాయి. సుధ వెళ్ళింది. ఆఫీసు తుడిచే ఆవిడ కూడా పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. అందర్నీ నేనే మూడేసిసార్లు పిలిచాను మరి.

ఆఫీసులో నేనూ పెద్దల్లుడూ మిగిలాం. గేమ్ దానంతట అది ఆడేలా పెట్టి చూస్తూ కూర్చున్నాను. తాళి కట్టారు. అక్షింతలు పడ్డాయి. మొదటి బంతి లేచింది, రెండో బంతి కూర్చుంది. పెద్దల్లుణ్ణి ఎవరూ పిలవలేదు. ఆఖరి బంతికి ఆకులు వేస్తున్నారు.

అప్పుడు లేచాడు.

ఎవరూ పిలవలేదు, నేను బాగా చూశాను. అటూ ఇటూ చూసి, ఉత్తరీయం దులుపుకుని నడిచాడు. గోడలోకి కాదు, దారి చూసుకుని నడిచాడు. వరస చివర ఖాళీ ఆకు ముందు కూర్చుని, నీళ్ళు చల్లుకున్నాడు.

కోపంతో రిపోర్టు తెరిచాను. "బగ్: ఎవరూ పిలవకుండానే లేచాడు. పౌరుషం లేదు. తీవ్రత: ఎక్కువ." దాని కింద 'అసలు ఏం జరగాలి?' అని ఒక గడి ఉంటుంది. అది నింపకపోతే రిపోర్టు వెళ్ళదు. "అక్కడే కూర్చోవాలి" అని రాశాను. చదువుకుని కొట్టేశాను. "ఎవరైనా వచ్చి పిలవాలి" అని రాశాను. ఎవరొస్తారు? భోజనాలైపోతున్నాయి. కొట్టేశాను. గడి ఖాళీగా ఉంది. ఆఫీసూ ఖాళీగా ఉంది. సోమవారం తర్వాత మా ఇల్లు కూడా ఇలాగే ఉంటుందని తట్టింది. భయమేసింది. నిజంగా భయమేసింది.

ఇస్త్రీ చొక్కా తెచ్చి తొడుక్కుని బస్సెక్కాను.

పెళ్ళి అయిపోయింది. చర్చి ఆవరణలో షామియానా కింద ఆఖరి బంతి నడుస్తోంది. ఆకులు నావే, ఒక్క చిరుగు లేదు. కుటుంబం ఫొటో కూడా అయిపోయింది. నా చోట జశ్వంత్ గారు నిలబడ్డారట. పట్టుపంచెలో అల్లుడిలాగే ఉన్నారని అందరూ అన్నారట.

లూకా మాస్టారు పప్పన్నం కలుపుకుంటూ తలెత్తారు. "అక్కడే ఉంటానన్నావు?" అన్నారు.

ఆయన పక్కనే సుధ కూర్చుంది. "సుధా, పెద్దల్లుడు లేచాడు! ఎవరూ పిలవలేదు. వాడే నేర్చుకున్నాడు!" అన్నాను.

"నేర్చుకోడం కాదండీ, ఆకలి" అంది గోంగూర నంజుకుంటూ. "ఆకలి వందకి చేరితే అలక సున్నా అని నిన్న నేనే ఒక లైను పెట్టా. పెట్టుబడిదార్ల ముందు లేవకుండా కూర్చుంటే మన పరువు పోదూ?"

కృప పెరుగు బకెట్టుతో ఆ వరసలోకి వచ్చింది. కొత్త పట్టుచీర చెంగు నడుముకి దోపుకుని ఉంది. నన్ను చూసి ఆగింది. నవ్వలేదు.

"ఎవరు పిలిచారండీ మిమ్మల్ని?"

"ఎవరూ పిలవలేదు."

నా చొక్కా వైపు చూసింది. తర్వాత నా మొహం వైపు చూసింది.

"అయితే ఇంటివాళ్ళే" అని బకెట్టు నా చేతిలో పెట్టింది. "పెరుగు ఈ వరసంతా వెయ్యండి. మాస్టారికి ముందు."

జూన్ 2, సోమవారం

శుక్రవారం రేపల్లె నుంచి ఒక్కణ్ణే తిరిగొచ్చాను. "వస్తావా?" అని కృపని అడుగుదామనుకున్నాను. రానంటుందేమోనని అడగలేదు. శని, ఆదివారాలు ఫోన్ చేతిలో పెట్టుకునే ఉన్నాను.

ఇవాళ డెమో అద్భుతంగా జరిగింది. పెద్దల్లుడు సరిగ్గా ఆఖరి బంతికి లేచాడు. హైదరాబాదు ఆయన కుర్చీలోంచి ముందుకి వంగి, "అహం చంపుకుని లేచాడండీ! ఇది మామూలు ఏఐ కాదు" అన్నాడు. "చాలా నెలలుగా నేర్పించామండి" అన్నారు జశ్వంత్ గారు. సుధ నా వైపు చూడలేదు. నేనూ సుధ వైపు చూడలేదు.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసి ఉంది. గుమ్మంలో కృప చెప్పులు.

"ఆప్షన్లు ఇవాళే ఆఖరన్నావు?" అన్నాను.

"అంగలకుదురే ఉంచా. కదలట్లేదు."

"నేను పిలవలేదు కదా."

"పిలుస్తారని శనివారం చూశా, ఆదివారం చూశా. మూడుసార్లేం అక్కర్లేదు, ఒక్కసారి చాలనుకున్నా" అంది సంచీలోంచి చీరలు తీస్తూ. "ఆ సుధ చెప్పింది, మీ పెద్దల్లుడికి ఆకలేస్తే అలక పోతుందట. మీకు అదీ పనిచెయ్యదు. నాకు పనిచేస్తుంది. వచ్చేశా."

వంటింట్లోకి వెళ్ళి రెండు కంచాలు పెట్టాను. అన్నం, పొద్దున నేను మాడ్చిన పప్పు వడ్డించాను.

"కృపా, భోజనానికి రా" అన్నాను.

తను పక్కనే నిలబడి ఉంది. అయినా పిలిచాను.